బొంత లోపలి ఓణీ

మా చిన్నప్పుడు... మా ఇంట్లో గుడ్డకి చావుండేది కాదు.

తాతయ్య పంచె చిరిగితే ముందు దుప్పటయ్యేది. దుప్పటిగా పనికిరాకపోతే డాబా మీద వడియాలు పెట్టే గుడ్డ... లేదంటే ఆవిరి కుడుములు ఉడికించడానికి కుండ మూతికి కట్టే వాసెన. అదీ పీలికలైతే అన్నం గిన్నె దింపే మసిగుడ్డ. తాతయ్య కూడా తక్కువవారేం కాదు, చిరుగు లోపలికి పోయేలా పంచెని తిరగేసి కట్టేవారు. గంతకు తగ్గ బొంత అని ఊళ్ళో వేళాకోళం చేసేవారు.

ఇదంతా మా మామ్మ రాజ్యం. మామ్మంటే నాన్నగారి అమ్మ. గుండుగొలను దాటి కొల్లేటి వైపు దిగితే మా ఊరు. ఊళ్ళో ఎవరింట పురుడొచ్చినా పొత్తిగుడ్డల కోసం మామ్మ దగ్గరికే వచ్చేవారు. "కొత్తబట్ట పసిగుడ్డు ఒంటికి గీసుకుంటుందమ్మా, ఇది పట్టుకెళ్ళు" అని, ఉతికి ఎండబెట్టి దాచిన మెత్తటి పాత పంచె ముక్కలు మడత పెట్టి ఇచ్చేది. పీనాసిది అని నవ్వినవాళ్ళ పిల్లలు కూడా పుట్టగానే ఆ గుడ్డల్లోనే పడుకున్నారు.

ఇక బొంత... పాత చీరలన్నీ చాప మీద ఒకదాని మీద ఒకటి పరిచి, చీర అంచుల్లోంచి లాగిన దారం పేని, దబ్బనంతో కుట్టేది. ఏ చీర పైన, ఏది లోపల అన్నది తనే చూసుకునేది. ఇంట్లో ఎన్ని బొంతలున్నా తను కప్పుకునేది మాత్రం ఒక్కటే. ఎక్కడ చిరిగితే అక్కడ మాసిక వేసేది. దాన్ని ఇంకెవరినీ ఉతకనిచ్చేది కాదు.

చలికాలం కొల్లేటి మంచు ఇంట్లోకే వచ్చేసేది. నేను మామ్మ పక్కలో దూరేదాన్ని. ఒకరోజు పొద్దున్నే బొంత చిరుగులోంచి ఏదో రంగు కనిపించింది... నెమలికంఠం రంగు. మామ్మ ఎప్పుడూ కట్టని రంగు. వేలు పెట్టి లాగబోతే చేతి మీద ఒక్కటేసింది. మామ్మ నన్ను కొట్టడం అదే మొదలు, అదే ఆఖరు.

కాసేపటికి తనే దగ్గరికి తీసుకుంది.

"అది మీ చిన్నత్త ఓణీనే. కనపడితే చూడలేను... పారేస్తే ఉండలేను. అందుకని లోపలెట్టి కుట్టేశాను."

చిన్నత్త నాన్నగారి చెల్లెలు. ఓణీలు వేసుకునే వయసులోనే పచ్చకామెర్లతో పోయింది. నేను పుట్టకముందు సంగతి. ఆ పేరెత్తితే నాన్నగారు అన్నం కంచం ముందు నుంచి లేచిపోయేవారు. అందుకే ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు.

"మీ నాన్నకి చెప్పకే... మళ్ళీ బాధపడతాడు" అంది మామ్మ. ఆ పూటే ఆ చిరుగు మీద పాత పంచె ముక్క వేసి కుట్టేసింది.

నేను తాడేపల్లిగూడెంలో హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో మామ్మ పోయింది. ముసురు... బస్సులు సరిగ్గా లేవు. నేను ఇంటికి చేరేసరికి అంతా అయిపోయింది. తను పడుకునే నులక మంచం గోడకి చేరేసి ఉంది. దాని మీద బొంత లేదు.

"నాన్నగారూ... మామ్మ బొంతేదండీ?"

"పోయినవాళ్ళ పక్కబట్టలు ఇంట్లో ఉంచకూడదు కదమ్మా. కాలవలో వదిలేశాం."

మా వైపు అందరూ చేసేదే. ఆయన చేసినదాంట్లో తప్పేమీ లేదు. ఏ గుడ్డనీ పారెయ్యని మనిషి పోయిన పూటే, తను దాచుకున్న గుడ్డని పారేశారు... అంతే. మామ్మే లేదు కదా, ఇంక దాచడం ఎందుకని చెప్పేశాను. చిన్నత్త ఓణీ అందులోనే ఉందండీ అని.

నాన్నగారు నా వైపు తిరిగి అడిగారు.

"నెమలికంఠం రంగుదా?"

"అవునండీ."

"ఏలూరులో నేనే కొన్నానమ్మా దానికి..."

కర్మ చేసే కొడుకు. ఒంటి మీద కర్మ పంచె తప్ప ఇంకేమీ లేదు. అలాగే వానలో వెళ్ళి కాలవలో దిగారు. గుర్రపుడెక్క చేతులతో తోసుకుంటూ వెతుకుతున్నారు. నేను గట్టు మీద గొడుగు పట్టుకుని వెంట నడిచాను. వంతెన మీద ఎవరో ఆగి, "ఏవండీ, ఏం పోయిందండీ?" అని అడిగారు.

"పాత బొంతండీ" అన్నారు నాన్నగారు.

"పాత బొంతకోసమా అండీ!" అంటూ వెళ్ళిపోయాడాయన.

దొరకలేదు. ఆ కాలవ కొల్లేట్లోకే పోతుంది. ముసురుకి నీళ్ళు జోరుగా ఉన్నాయి. చీకటి పడుతుంటే గట్టెక్కి, చెల్లెలు పోయినప్పుడు ఎలా ఏడ్చారో నాకు తెలియదు గానీ, ఆరోజు చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

ఇప్పుడు మేం ఏలూరులో ఫ్లాట్‌లో ఉంటున్నాం. స్టవ్ తుడిచే గుడ్డ కూడా కొత్తదే కొంటున్నాం. ప్యాకెట్ల లెక్కన దొరుకుతున్నాయి మరి... చిరగక ముందే విసుగొచ్చి చెత్తబండిలో వేసేస్తున్నాం. వాటిలో దాచుకోవడానికి ఏముంది గనక!

నాన్నగారు నాతోనే ఉంటారు. మొన్న పాత దిండొకటి బయట పడేద్దామని గుమ్మం దగ్గర పెట్టాను. వచ్చి చూస్తే కళ్ళజోడు పెట్టుకుని, కింద కూర్చుని, దాని కుట్టు విప్పుతున్నారు.

"నాన్నగారూ, అందులో ఏముంటుందండీ... దూదే కదా. షాపులో కొన్నదండీ అది."

"తెలుసమ్మా" అన్నారు. దూదంతా తీసి, చెయ్యి లోపలికి పెట్టి అడుగుదాకా తడిమి చూసి, అప్పుడు ఇచ్చారు.

మీ ఇళ్ళల్లో ఎవరి చేతి బొంతైనా ఇంకా మిగిలి ఉందా అండీ? ఉంటే చెప్పండి, వినాలని ఉంది... లోపల ఎవరి బట్టలున్నాయో, కుట్టినవాళ్ళు ఉండగానే అడిగారా?