షాఫ్టు మీద జాజు గీత

డెబ్బైల చివర్లో నేను నంద్యాలలో ఒక మిషన్ ఆసుపత్రి జీపు నడిపేవాణ్ణి. మిలిటరీ వాళ్లు వాడి వాడి వేలంలో వదిలించుకున్న బండి అది. నాలుగు చక్రాలూ ఇంజనుతోనే తిరుగుతాయి కాబట్టి వాగుల్లో, ఇసకలో ఇరుక్కునేది కాదు. అందుకే వారానికోసారి నర్సమ్మను ఎక్కించుకుని, ఆళ్లగడ్డ దాటి అడవి అంచున ఉన్న చెంచు గూడేలకు పోయే పని దానికీ నాకూ పడింది. దాన్ని ఎవరైనా డొక్కు బండి అంటే నాకు ఒళ్లు మండేది. నేను మాత్రం రోజుకు పదిసార్లు తిట్టేవాణ్ణి.

ఒకసారి దసరా ముందు గూడెం నుంచి వస్తుంటే సీటు కింద టకటకమని చప్పుడు మొదలైంది. ఇంజను తిప్పుడును వెనక చక్రాలకు అందించే పొడుగాటి ఇనప రాడ్డును షాఫ్టు అంటారు. దాని కొసన కీలులా పనిచేసే క్రాసు అరిగిపోయిందని చప్పుడును బట్టే తెలిసింది. ఆళ్లగడ్డ మెకానిక్ షెడ్డుకు తోలుకుపోయాను. నంద్యాలలో షెడ్లు లేక కాదు. ఆయన చెయ్యి పడితే బండి ఏడాది దాకా నోరెత్తదని నంద్యాల డ్రైవర్లందరికీ గురి. విగ్రహాలు చెక్కేవాళ్ల ఇంట పుట్టి, ఉలి వదిలి స్పానర్ పట్టినవాడాయన. నాకంటే పదేళ్లు పెద్ద, మాట తక్కువ.

"క్రాసు కర్నూలు నుంచి రావాల. పైగా పండగ. బేస్తవారం రాప్పో," అన్నాడు.

"బుధవారం గూడేనికి పోవాలన్నా. నర్సమ్మకు ఏం చెప్పేది?"

"బండి చెడిపోయిందని చెప్పు. నిజమే గదా."

ఎదురు మాట్లాడేవాళ్లంటే నాకు ఇష్టం ఉండదు. మంగళవారమే బస్సెక్కి దిగాను. షెడ్డులో ఆయన లేడు. పండగకు అత్తగారి ఊరికి పోయాడని పక్క అంగడామె చెప్పింది. షెడ్డులో అంతకు ముందే ఆయుధ పూజ అయినట్టుంది. జాకీకి, స్పానర్లకు, మా జీపు బానెట్‌కు పసుపు, కుంకుమ బొట్లు. మా షాఫ్టు, ఒకదాంట్లో ఒకటి దూరే రెండు ముక్కలుగా విప్పి, గోనెపట్టా మీద ఉంది. కొత్త క్రాసు బిగించి ఉంది. ఇక ముక్కలు కలిపి బండికి ఎక్కించడమే మిగిలింది. ఆ రెండు ముక్కలకూ పొడుగాటి ఎర్రటి మరకలు.

మాది మూడు తరాల క్రైస్తవ కుటుంబం. బొట్లు పెట్టిన జీపు ఆసుపత్రి గేట్లోకి పోతే పెద్దలు ఏమంటారోనని ఒక భయం, నన్ను అడక్కుండా ఎలా పెట్టాడని ఒక కోపం. రెండోదే ఎక్కువ. పాతగుడ్డ కిరోసిన్‌లో ముంచి బానెట్ తుడిచాను. అదే ఊపులో షాఫ్టు ముక్కలు కూడా తళతళలాడేదాకా తుడిచాను. తర్వాత పళ్లున్న ముక్కను గొట్టంలాంటి ముక్కలోకి తోశాను. సుళువుగా దూరింది. సుళువుగా దూరితే సరిగ్గా ఉన్నట్టే అనుకునే రకం నేను. నట్లు బిగించి, బండి తీసుకుపోతున్నానని అంగడామెకు చెప్పి వచ్చేశాను.

మరుసటి రోజు వేగం నలభై దాటేసరికి బండికి చలిజ్వరం పట్టుకుంది. స్టీరింగు, సీటు, అద్దం, అన్నీ వణుకుతున్నాయి. నర్సమ్మ మందు సీసాల పెట్టెను ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో అదిమి పట్టుకుంది.

"ఏందప్పా ఇది? బాగుచేయించినావా, చెడగొట్టించినావా?"

"ఆ ఆళ్లగడ్డాయన పండగ తొందర్లో చెడగొట్టినాడు సిస్టరమ్మా," అన్నాను.

ఆలోచించి అన్న మాట కాదు. అన్నాక మాత్రం వెనక్కి తీసుకోవాలని అనిపించలేదు. ఆసుపత్రి మేనేజరు అడిగితే అదే చెప్పాను. బస్టాండు పక్క టీ కొట్లో డ్రైవర్లు అడిగితే ఇంకొంచెం ఉప్పూకారం వేసి చెప్పాను. షాఫ్టు కలిపింది నేనేనని ఎక్కడా అనలేదు. నెల తిరిగేసరికి మా ఆసుపత్రి వ్యాను, ఆ టీ కొట్టు దగ్గర ఆగే టాక్సీలు, రెండు మూడు లారీలు వేరే షెడ్లు వెతుక్కున్నాయి.

జీపు మాత్రం వణుకుతూనే ఉంది. నంద్యాలలో ఒకాయన చక్రాలు ఊడదీసి మళ్లీ బిగించాడు. ఇంకొకాయన ఇంజను కింద రబ్బర్లు మార్చాడు. ఆరు నెలలు అలాగే గడిచాయి. ఎండాకాలంలో ఒకరోజు ఆళ్లగడ్డ పొలిమేరలో సీసా ఒకటి పగిలి మందు నర్సమ్మ చీర మీద పడింది. ఆమె బండి ఆపించి కిందికి దిగింది.

"ముందు ఆ మెకానిక్ దగ్గరికి తోలు. లేకుంటే నేను బస్సుకు పోతా."

తోలక తప్పలేదు. షెడ్డులో మా జీపు తప్ప ఇంకో బండి లేదు. ఆయన ఏమీ అడగకుండా బండి కింద దూరి పడుకున్నాడు. కాసేపటికి లోపలి నుంచే అడిగాడు.

"నా గీత యాడ పోయ?"

"ఏం గీత అన్నా?"

"విప్పకముందే రెండు ముక్కల మీదా కలిపి జాజు ఎర్రమట్టితో గీత గీస్తి. మళ్లా కలిపేటప్పుడు ఆ గీత కలవాల. అప్పుడే రెండు కొసల్లో క్రాసును పట్టే చెవులు ఒగ వరసన నిలబడతాయి. పన్ను తప్పితే ఇట్లే వణుకుతాది. మా ఇంట్లో గీత గీయకుండా రాయి మీద ఉలి పెట్టరప్పా, నాకు అదే అలవాటు. ఎవరు కలిపినారు దీన్ని?"

"నేనే అన్నా. ఆ గీత కూడా నేనే తుడిచినా. బొట్టనుకున్యా."

ఆయన బయటికి జరిగి నా మొహం చూశాడు. "జానెడు బొట్టు యాడన్నా సూసినావా నువ్వు?"

నర్సమ్మ పకపకా నవ్వింది. ఆయన షాఫ్టు విప్పి, ఈ కొస నుంచి ఆ కొసకు దారం పట్టి, ఒక కన్ను మూసి చూశాడు. ముక్కను కొద్దిగా తిప్పి మళ్లీ తోశాడు. "ఇంకో నెలయితే కొత్త క్రాసు గూడా పోయేది," అన్నాడు. అరగంట పని. ఆ రోజు గూడెం దారిలో జీపు పడవలా పోయింది.

నంద్యాలలో మేనేజరుకు, డ్రైవర్లకు, ఆళ్లగడ్డాయనే వణుకు పోగొట్టాడని చెప్పాను. చెప్పవలసింది చెప్పేశానని నన్ను నేను నమ్మించుకున్నాను. వాళ్లు మాత్రం తను చెడగొట్టింది తనే సరిచేసుకున్నాడని అనుకున్నారు. అలా అనుకుంటారని నాకు తెలుసు. ఏ బండీ ఆ షెడ్డుకు తిరిగి పోలేదు.

మరుసటి ఏడు ఆయన షెడ్డు మూసేశాడు. సున్నిపెంటలో డ్యాం పని బండ్లు బాగుచేసే చోట జీతానికి కుదిరాడట. సామాను చేర్చడానికి జీపు దొరుకుతుందా అని నాకు కబురు పంపాడు. మేనేజరును అడిగి తోలుకుపోయాను. పనిముట్ల పెట్టెలు వెనక వేసుకుని, ఆయన నా పక్కన కూర్చున్నాడు. ఆత్మకూరు దాటి అడవి మొదలయ్యాక ఆయన సీటు అంచు మీద అరచెయ్యి ఆనించి చూశాడు.

"ఇప్పుడు వణుకు లేదు," అన్నాడు.

"లేదన్నా."

"టీ కొట్లో నువ్వేం చెప్పినావో ఆ నెల్లోనే నాకు తెలిసిందప్పా."

నా కాలు బ్రేకు మీదికి పోయింది. "మరి ఆ పొద్దు నన్నెందుకు అడగలేదన్నా?"

"నువ్వే చెప్తావేమోనని సూస్తి. గీత తుడిచింది చెప్పినావు. అది మాత్రం చెప్పకపోతివి."

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి. సిగ్గుతో తల తిప్పలేక రోడ్డే చూస్తూ నడిపాను. సున్నిపెంటలో పెట్టెలు దించాను. ఆయన టీ తాగి పొమ్మన్నాడు. తాగలేక వచ్చేశాను.

ఆ సాయంత్రం ఇంటికి పోకుండా నేరుగా బస్టాండు పక్క టీ కొట్టుకు పోయాను. కిరోసిన్ గుడ్డ దగ్గర నుంచి నేను ఆడిన అబద్ధం దాకా ఒక్క ముక్క దాచుకోకుండా అందరి ముందూ చెప్పాను. ఎవరూ నన్ను తిట్టలేదు. టాక్సీ తోలే ఒకాయన గ్లాసు కింద పెట్టి అడిగాడు.

"నా బండికి గేరు పడతా లేదు, రేపే తోలుకుపోతా. ఆయప్ప షెడ్డులోనే ఉంటాడు గదా?"