అక్క మానుకున్న చాయ్

మా అక్క పోయింది. అక్క అంటే తోడబుట్టింది కాదు, మా యారాలు, నా పెనిమిటికి పెద్దన్న భార్య. నేను జనగామ సంతల చిక్కుడుకాయ బేరం చేస్తాంటే మా కొడుకు ఫోన్ చేసిండు. "అమ్మా, జల్ది రా. పెద్దమ్మ పత్తిచేన్ల కూలవడ్డది. గుండె ఆగిందట. ఇగ లేదు" అన్నడు. చిక్కుడుకాయ అక్కడనే వదిలేసి బస్సెక్కిన.

నేనొచ్చేసరికి వాకిలి నిండ మంది. "మంచం పట్టలే, ఒకరితోని చేయించుకోలే, పసుపు కుంకుమలతోని పోయింది, పుణ్యాత్మురాలు" అంటాన్రు ఆడోళ్లు. నేను ఏడ్చుకుంటనే లోపల కుళ్లుకున్న. సావుల కూడ నాకంటే మంచిగ పోయింది సూడున్రి! మీతోని అబద్ధమెందుకు, పెండ్లయిన కాడినుంచి ఆమె మీద నాకు ఓర్వలేనితనమే. గీ నాలుగు ముక్కలు కూడ ఆ మంట కడుపుల పెట్టుకొనే రాస్తున్న.

ఆమెది గూడూరు దిక్కు, అడివి అంచు ఊరు. నాది రేగొండ. ఇద్దరం బచ్చన్నపేట కాడ ఈ మెట్టచేన్లకు కోడండ్లమై వచ్చినం. ఒకటే వాకిలి, రెండు పొయ్యిలు. పత్తి ఏరవోతే ఆమె సాలు ముగిచ్చి తిరిగొచ్చేసరికి నేను సగం సాల్ల కూసోని రొప్పుతుండేదాన్ని. ఆమె ఏరుకుంట పాట కూడ పాడేది. నాకు నడిచేటందుకే దమ్ము లేదు, గీమెకు పాడేటందుకు ఎక్కడిదని పండ్లు కొరుక్కునేదాన్ని. గడ్డిమోపు నెత్తిన పెట్టుకొని చెరువుకట్ట ఎక్కి, పైనుంచి "రావే చెల్లె" అని పిలిచేది. ఆ పిలుపుకు నా ఒళ్లు మండేది. మా అత్త నాకు పనిదొంగ అని పేరువెట్టింది.

నాకొక అలవాటుండేది. బియ్యం చెరుగుతాంటే పిడికెడు నోట్లేసుకునేదాన్ని. పిల్లల బలపాలు కొరికేదాన్ని. వానకు మట్టిగోడ తడిస్తే ఆ వాసనకు నోట్ల నీళ్లూరేవి. ఎవ్వరికి తెల్వదనుకున్న. ఒకనాడు చాట ముందటేసుకొని కూసుంటే అక్క వచ్చి చెయ్యి పట్టుకున్నది.

"ఎప్పటిసంది తింటానవే గీ బియ్యం?"

"నా బియ్యం, నా నోరు. నీకేంది?" అన్న.

కోపానికి రాలే. బొటనవేలుతోని నా కంటి కింది రెప్ప గుంజి చూసింది. తెల్లగ పాలిపోయి ఉన్నదట. గోర్లు చూసింది. "నీ ఒంట్ల నెత్తురు లేదే పిల్లా. నువ్వు పనిదొంగవు కాదు. పా, దవాఖానకు పోదాం" అన్నది. నాకు ఏడుపొచ్చింది. ఆ మాట చెప్పేది కూడ ఈమెనే కావాల్నా అని మల్లొక మంట.

దవాఖానల నెత్తురు పరీక్ష చేసి ఐరన్ శానా తక్కువున్నదన్నరు. "నెలనెలా బట్ట ఎక్కువ అయితాందా?" అని డాక్టరమ్మ అడిగింది. నాకంటే ముందుగాల అక్క జెవాబిచ్చింది: "శానా అయితదమ్మా. దండెం మీద బట్టలు నేను చూస్తలేనా?" సిగ్గుతోని సచ్చిపోయిన. కానీ ఆ మాటతోనే నెత్తురు ఎక్కడ పోతాందో తెలిసింది. దానికి వేరే మందు రాసిన్రు, నులిపురుగులకొక గోలి ఇచ్చిన్రు, ఒంట్ల నెత్తురు పట్టేటందుకు ఎర్రగోలీలిచ్చిన్రు.

మా దిక్కు ఏ గోలైనా చాయ్‌తోనే మింగుతం. జరమొచ్చినా, తలకాయ నొచ్చినా గోలి నోట్లేసుకొని మీదికెల్లి చాయ్. నేనూ గట్లనే మింగిన. కొన్నొద్దులకు దొడ్డికి నల్లగ రావట్టింది. పేగులు మాడుతున్నయని భయపడి గోలీలన్ని పెంటకుప్పల పారేసిన. కోళ్లు కెలికి బైటేసినయి. అక్క ఒక గోలి పట్టుకొని నా పొయ్యి కాడికొచ్చింది.

"కోళ్లకు కూడ నెత్తురు తక్కువైందా ఏందే?"

సంగతి చెప్పిన. "నల్లగ అయితది, భయపడద్దని డాక్టరమ్మ చెప్పలేదా?" అన్నది. చెప్పింది. చెప్పింది నాకు, యాదివెట్టుకున్నది ఆమె. ఇగ నా కండ్లు మండయా?

మల్ల గోలీలు తెప్పిచ్చింది. తిన్నంక నిమ్మకాయ నీళ్లతోని మింగాలె, దానికి అటు గంట రెండు గంటలు, ఇటు గంట రెండు గంటలు చాయ్ ముట్టద్దు. "చాయ్ గోలి బలాన్ని ఒంటికి పట్టనియ్యదే. తూము తెరిచిపెట్టి చెరువు నింపుతవా?" అనేది.

చాయ్ లేకుంటే నాకు తెల్లారదు. ఆమెకు నాకంటే పిచ్చి. ఇత్తడి గిలాస నిండ పోసుకొని ఊదుకుంట తాగుతాంటే వాడకట్టంత వాసన. ఆమె అక్కడ చాయ్ తాగాలె, నేనిక్కడ నిమ్మనీళ్లు తాగాల్నా అని మూతి ముడుచుకున్న. తెల్లారి చూస్తే ఆమె పొయ్యి మీద చాయ్ గిన్నె లేదు. నా నెత్తురు మంచిగయ్యేదాక పొద్దుగాల చాయ్ పెట్టనే లేదు. ఏమైందంటే "యాష్టకొచ్చిందే, తాగబుద్ధి అయితలేదు" అన్నది. అబద్ధం కూడ నాకంటే మంచిగ ఆడేది.

పుంటికూర, మునగాకు, ఆదివారం మేక కార్జం వండి పెద్ద ముక్క నా గిన్నెల వేసేది. "నెత్తురు ఊట లెక్క ఊరుతదే, ఆగాలె" అనేది. పాణం మంచిగయినంక కూడ డాక్టరమ్మ చెప్పినన్ని నెలలు వదలకుంట మింగిచ్చింది. మరుసటి ఏడు పత్తిల ఆమెతోపాటే సాలు ముగిచ్చిన. ఎంత సంబురపడ్డనో! కావాలని నెమ్మదిగ ఏరిందా ఏందని ఇప్పటికీ అనుమానమే.

ఇగ అప్పటినుంచి వాడకట్టుల ఎవరు రొప్పినా రెప్ప గుంజుడే. నా కన్ను చూసిన చెయ్యి అందరి కండ్లు చూస్తదేందని నాకు నచ్చకపోయేది. సావుకాడ ఒక్కొక్కామె "నన్ను దవాఖానకు తోల్కవోయిందే" అని ఏడుస్తాంటే, నోర్లు మూసుకోన్రి, ఆమె నాది అని అరవాలనిపిచ్చింది.

దినాలనాడు ఆమె కోడలు పెరట్ల బియ్యం చెరుగుతాంది. కొత్త పిల్ల. చూస్తాంటే చూస్తాంటేనే పిడికెడు నోట్లేసుకున్నది. నేను ఉరికిపోయి రెప్ప గుంజి చూసిన. తెల్లగున్నది.

"అత్తమ్మ చూసింది చిన్నత్తమ్మా. దవాఖానకు కూడ తోల్కవోయింది. గోలీలున్నయి."

నాకు చెప్పనే లేదు సూడు అని మల్ల చురుక్కుమన్నది. "మరి మింగుతానవా?"

"నల్లగయితాందని భయమై ఆపేసిన. అత్తమ్మకు చెప్తే, 'ఆ తిప్పలు నేనెన్నడు పడలే బిడ్డా. మీ చిన్నత్త పడ్డది, ఒడ్డెక్కింది. దాని మాట నా మాటకంటే మేలు, దాని కాడికి పో' అన్నది. ఇయ్యాల రేపు అనుకునేసరికే..." అని పిల్ల బొరున ఏడ్చింది.

నా మాట మేలని ఆమె అన్నదట. బతికుండగ నా మొకం మీద ఒక్కసారి అనకపోయెనా? పిల్లను పట్టుకొని నేనూ ఏడ్చిన. ఈసారి లోపల ఏ మంట లేదు.

అంతల ఎవరో మా ఇద్దరికి చాయ్ తెచ్చిచ్చిన్రు. పిల్ల చూపు గిలాస మీదనే ఉన్నది. పొద్దటిసంది నా తలకాయ పలుగుతాంది, చాయ్ చుక్క నోట్ల పడలే.

"నువ్వు తాగవా చిన్నత్తమ్మా?"

"యాష్టకొచ్చిందే" అన్న.

రెండు గిలాసలు గోడ మీద పెట్టి, పిల్లకు బువ్వ పెట్టి, నిమ్మకాయ కోసిన. గిలాసల మీద మీగడ కట్టింది.