ఆకురాయి దాచుకున్న మ్యాగజైన్

మా వర్క్‌షాపులో ఆయన్ని అందరూ ఆకురాయి అనేవారు. పటాలం తుపాకులు మొరాయిస్తే బాగుచేసేది ఆయన. ఆయన చెప్పింది రిపోర్టుగా టైపు చేసేవాణ్ణి నేను. తిలా పాపం తలా పిడికెడు అంటారు కదా, నా పిడికెడు నాకుందని ముందే ఒప్పుకుంటున్నాను.

ఆ తుపాకులను బోలెడు ఖరీదు పెట్టి కొన్నారు. తీరా తూటాలు పేర్చే మ్యాగజైన్ల దగ్గరకొచ్చేసరికి పొదుపు గుర్తొచ్చింది. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడారు. పలచటి రేకు, రెండు నెలలకే వంగిపోయే అంచులు.

ఆకురాయి దగ్గర మాత్రం ఒక మంచి మ్యాగజైన్ ఉండేది. దాని అంచులు తనే రుద్ది, పటకారుతో సరిచేసి, స్ప్రింగు మార్చి కన్నబిడ్డలా చూసుకునేవాడు. ఏ సిపాయి వచ్చి తూటా ఇరుక్కుంటోందని మొత్తుకున్నా, ఆ మ్యాగజైన్ తగిలించి ముప్పై తూటాలు కాల్చి చూపించేవాడు. ఒక్కటీ ఇరుక్కునేది కాదు.

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట నీలాంటివాడే! తుడవడానికి బద్ధకం, నింద తుపాకీ మీద" అనేవాడు.

నేను టైపు చేసేవాణ్ణి: 'తుపాకీలో లోపం లేదు. సిపాయి నిర్లక్ష్యం.' ఆ సిపాయి వారం రోజులు ఎండలో మైదానం చుట్టూ పరిగెత్తేవాడు. పద్దెనిమిదేళ్లు ఇదే తంతు.

ఆయనది దొంగబుద్ధి కాదు. తుపాకీని పరీక్షించాలంటే మంచి మ్యాగజైనే పెట్టాలని నిజంగానే నమ్మాడు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండేది అక్కడే.

ఆ తర్వాత సరిహద్దులో ఆయన అల్లుడు పోయాడు. మూడు తూటాలు పేలాయట. నాలుగోది ఇరుక్కుంటే లాగుతూ ఉండగా అవతలివాడి గుండు తగిలిందట. వారం తిరక్కుండా ఆ తుపాకీ, దాని మ్యాగజైన్‌తో సహా, మా బల్ల మీదికే వచ్చింది.

కూతురు ఒకటే అడిగింది. "నాన్నా, ఆయన తుపాకీ తుడవందే అన్నం ముట్టేవాడు కాదట, తోటివాళ్లే చెప్పారు. ఆయన కాయితం మీద మాత్రం నిర్లక్ష్యం అని రాయనివ్వకు."

ఆకురాయి అలవాటుగా తన మ్యాగజైనే తగిలించాడు. ముప్పై తూటాలూ పేలాయి. దాన్ని తీసి పక్కన పెట్టి, అల్లుడి మ్యాగజైన్ తగిలించాడు. నాలుగోది ఇరుక్కుంది. తుపాకీ విప్పి, శుభ్రంగా తుడిచి మళ్లీ కాల్చాడు. మళ్లీ నాలుగోదే.

స్టూలు మీద కూలబడ్డాడు. "వాళ్లంతా నిజమే చెప్పార్రా" అన్నాడు.

ఆ రోజు రిపోర్టులో 'మ్యాగజైన్ లోపం, సిపాయి తప్పు లేదు' అని టైపు చేశాను. ఆయనే సంతకం పెట్టి అధికారి గదికి తీసుకెళ్లాడు. వెనకాలే నేను.

అధికారి చదివి, బీరువాలోంచి లావుపాటి ఫైలు తీయించాడు.

"మేస్త్రీ, ఈ సంతకాలన్నీ మీవేగా? రెండువందల పదకొండుసార్లు లోపం లేదన్నారు. మీ అల్లుడి వంతు వచ్చేసరికి ఉందంటున్నారు. పైవాళ్లు నవ్వరూ?"

"అవన్నీ తప్పేనండీ. అలాగే రాసిస్తాను."

"మీ మంచి మ్యాగజైన్‌తో కాల్చారా? రూలు అదేగా. ఎన్ని ఇరుక్కున్నాయి?"

అక్కడ ఒక్క అబద్ధం ఆడితే పోయేది. ఆయనకు చేతకాలేదు.

"ఒక్కటీ లేదండీ."

"మరింకేం."

కొత్త రిపోర్టు మీద అధికారే సంతకం పెట్టాడు. టైపు చేసింది నేనే. పాత మాటలే కాబట్టి చూసుకోకుండా కొట్టేశాను, సిగ్గులేని వేళ్లు.

పది రోజులకు ఆ కాయితం కూతురి చేతికొచ్చింది. నేను వాళ్లింట్లోనే ఉన్నాను. ఆమె రెండుసార్లు చదివింది.

"ఎవరు నాన్నా ఇలా రాసింది?"

కింద సంతకం ఎవరిదో ఆయన చూపించవచ్చు. నేనూ అదే చెప్పబోయాను. ఆయన చేత్తో నన్ను వారించాడు.

"నేనేనమ్మా" అన్నాడు.