మీటకీ దీపానికీ నడుమ

ఆ రోజుల్లో, అంటే మరీ వెనకటి కాలమేం కాదు, కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, ఫోనుతో నడవని వస్తువు ఇంట్లో ఉండటమే నామోషీ అనుకునేవాణ్ణి. (నేను మాత్రం అప్పటికే పూర్తిగా ఫోనుతోనే నడిచేవాణ్ణి.) కాశిబుగ్గలో మా ముందుగది సగానికి పైగా మా బాపు, అంటే నాన్న, నేసే మగ్గానిదే. లైటు స్విచ్చు దాని వెనక గోడకు ఉండేది. పొద్దుగూకగానే నాయనమ్మ ఆ సందులో దూరి, లైటు వేసి, వెలిగిన బల్బుకు రెండు చేతులూ జోడించేది. ఇంటిపనులన్నీ ఒక్కొక్కటే చేజారినా, ఆ ఒక్క పనీ ఎవరికీ ఇవ్వలేదు. మోకాళ్లు మొరాయించి సందు దాటలేకపోయిన సాయంత్రం బాపు లైటు వేస్తే, గోడవైపు తిరిగి పడుకుంది. అన్నం కూడా వద్దంది.

"ఫికర్ చెయ్యకు నాయనమ్మా, స్విచ్చును నీ మంచం కాడికే తెస్త" అన్నాను. ఆటోమేషన్‌లో నా ఆట అలా మొదలైంది, ఇంజనీరు వేషంతో సహా. మంచం కోడుకు వైరు లేని మీట బిగించాను. మొదట ఎంచుకున్న సాఫ్ట్‌వేర్, మీట నొక్కిన కబురును ఇంటర్నెట్ మీద ఏ దేశానికో పంపి, అక్కణ్ణుంచి సరేనంటే బల్బు వెలిగించేది. నాయనమ్మ నొక్కింది, చేతులు జోడించింది. చీకటే. చేతులు దించాక వెలిగింది.

"ఏందిరా, చీకటికి దండం పెట్టిస్తానవ్?"

"జర ఆగి పెట్టు నాయనమ్మా, కబురు పోయి రావాలె."

"మగ్గం ఎనక గోడకు పోనీకి అది ఊర్లెందుకు తిరుగుతాంది?"

రెండోది ఇంట్లోనే నడిచేది. కానీ గ్రాఫులూ, వాతావరణమూ, మేం కొనని ఏసీకి బొమ్మా అన్నీ మోస్తూ మా పాత లాప్‌టాప్‌లో ఆయాసపడేది. (అంత బరువుదానికి సాఫ్ట్ అని పేరెలా పెట్టారో!) బల్బు కంటే ముందు లాప్‌టాప్ ఫ్యాను మేల్కొనేది. "దానికన్న నేనే లేసి ఏసొస్త తియ్" అన్నాడు బాపు మగ్గం మీంచే. నాయనమ్మ ముఖం మళ్లీ గోడవైపు తిరిగింది.

ఆదివారమంతా వెతికి, అన్నిటికంటే తేలికైనదాన్ని పట్టుకున్నాను. అరచేతిలో పట్టే సర్క్యూట్ బోర్డు మీద, నెట్ లేకుండానే నడుస్తుంది. నలుగురికి చూపించుకోవడానికి అందులో ఏమీ లేదు. మీట నొక్కితే లైటు, అంతే. సాయంత్రం మగ్గం చప్పుడు ఆగింది. నాయనమ్మ లేచి కూర్చుని, కొంగు సర్దుకుని, నొక్కింది. చేతులు కలిసేలోపే గదినిండా వెలుగు. జోడించిన చేతులు చాలాసేపు దించలేదు.

"ఆకలైతాంది, అన్నం పెట్టున్రి" అంది.

ఇంటిని ఆటోమేషన్ చేశానని ఆఫీసులో ఎన్ని గొప్పలు పోయానో! ఆ ఇంట్లో తనంతట తాను జరిగిందంటూ ఏదీ లేదు. ఒక ముసలి వేలు నొక్కితేనే ప్రతి సాయంత్రం వెలిగేది. ఆ బోర్డు ఇప్పటికీ నడుస్తోంది. నాయనమ్మ పోయాక, నొక్కడం ఇప్పుడు బాపు వంతు. నేను ఇంట్లో ఉన్న రోజు నాకు వదిలేస్తాడు. నొక్కి, ఎవరూ చూడట్లేదని చూసుకుని, నేనూ చేతులు జోడిస్తాను.