రేణుకక్క కుడిచెయ్యి

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో మా హాస్టల్ పక్క గల్లీలోనే రేణుకక్క మెస్సు. గ్రూప్స్‌కు చదివే మాలాంటివాళ్ళం రెండు పూటలా అక్కడే తింటాం. వంటకు మనుషులున్నారు గానీ వడ్డన మాత్రం అక్కదే. గరిటె ఇంకొకరి చేతికివ్వదు. "నా చేత్తో పెడితేనే పిల్లల కడుపు నిండుతది" అంటుంది. మేం నవ్వుతాం గానీ, ఆమె ఊరికి పోయిన రోజు సగం మంది సగం తినే లేస్తారు.

నాకు కోపం ముక్కు మీదుంటుంది. మొన్న వానాకాలంలో ఒకరోజు, ప్రాక్టీస్ టెస్టులో మార్కులు తగ్గి చిర్రుబుర్రులాడుతూ వచ్చి కూర్చున్నాను. అక్క పప్పు గరిటె ఎడమ చేత పట్టుకొని వచ్చింది. నేను కంచం వెనక్కి లాక్కున్నాను.

"ఎడమ చేత్తో వడ్డిస్తున్నవేందక్కా? మేం మనుషుల్లెక్క కనిపిస్తలేమా?"

అందరూ తలలెత్తారు. అక్క గరిటె కుడిచేతికి మార్చుకొని చాపబోయింది. మోచెయ్యి పక్కటెముకలను వదిలి రాలేదు. పప్పంతా బల్ల మీద పడింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు చూశాక కంచం వదిలి లేచాను.

తర్వాత వంటింట్లోకి వెళ్ళాను. క్షమించమనడం నాకు చేతకాదు, అందుకని కసిరాను.

"ఎన్ని రోజులైతుంది గిట్ల?"

"ఎనిమిది నెలలు. ఇయ్యాలైతే అసలే లేస్తలేదు."

ఎనిమిది నెలలుగా భుజానికి బామ్ రాస్తోంది. అడిక్‌మెట్‌లో నరాలు సరిచేస్తానని చెప్పుకునే మొగిలయ్య దగ్గరికి వారం వారం పోతోంది. ఆయన చెయ్యి పట్టి గుంజితే ఒకరోజు హాయిగా ఉంటుందట, మర్నాడు రెండింతలు నొప్పి. కొప్పు ముడేసుకోలేదు, ఆ పక్కకు తిరిగి పడుకోలేదు.

"ఎముకల డాక్టర్ దగ్గరికి పోలేదేంది?"

"పోతే కోస్తరు. కోస్తే ఇగ గరిటె పట్టొద్దంటరు. మెస్సు మూసుకొని ఏం చెయ్యాలె నేను?"

నొప్పికన్నా ఆ భయమే ఆమెను ఎక్కువ తింటోంది. నాకు సిగ్గేసింది. మర్నాడే ఆటో ఎక్కించి నారాయణగూడలో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఫ్లైఓవర్ దాటేలోగా మూడుసార్లు వెనక్కి పోదామంది.

అంతా విని డాక్టరుగారు చెయ్యి ఎత్తమన్నారు. ఆమె ఎత్తలేకపోయింది, ఆయన ఎత్తబోయినా లేవలేదు. ఎక్స్‌రేలో ఎముకలు బాగానే ఉన్నాయి. రక్తపరీక్షలో షుగర్ మాత్రం బాగా ఎక్కువుంది, ఆ సంగతి అక్కకే తెలియదు.

"భుజం కీలు చుట్టూ ఉండే పొర బిగుసుకుపోయిందమ్మా. షుగరున్నోళ్ళకు ఎక్కువ వస్తది. ఇప్పుడైతే ఆపరేషన్ అవసరం లేదు. ఆ గుంజుడు మాత్రం బంద్ పెట్టు."

"మరి ఎప్పుడు రావాల్నుండె సార్?" నేనడిగాను.

"నొప్పి రెండు మూడు వారాలకు తగ్గకపోయినా, చెయ్యి లేచుడు తగ్గుతున్నా, నొప్పికి నిద్ర పట్టకపోయినా రావాలె. కిందపడి వాచినా, చెయ్యి తిమ్మిరెక్కి పట్టు తప్పినా ఆ రోజే రావాలె."

పరీక్షలో రాదని తెలిసీ నోట్‌బుక్కులో రాసుకున్నాను.

మందులు, ఒక ఇంజెక్షన్, రోజూ వ్యాయామం. గోడ మీద వేళ్ళు కొద్దికొద్దిగా పైకి నడిపించాలి. మెస్సులో ఖాళీ గోడేది? అంతా మేం అంటించిన చార్టులే. చివరికి పెద్ద భారతదేశ పటం ముందు నిలబెట్టాం. కన్యాకుమారి దగ్గర మొదలుపెట్టిన వేళ్ళు మొదటిరోజు బెంగుళూరు దగ్గరే ఆగిపోయాయి.

ఆ తర్వాత మెస్సులో అందరిదీ ఒకటే ప్రశ్న, అక్క ఇయ్యాల ఏడిదాకా వచ్చిందని. నెలకు హైదరాబాద్ చేరింది. "మనూరొచ్చింది, జర ఆగుత" అని నవ్వించింది గానీ, అక్కడే మూడు వారాలు ఇరుక్కుపోయింది. చెయ్యి ఇక పైకి రాదేమోనని ఒకరోజు పటం ముందే ఏడ్చేసింది. మరుసటి వారం వేళ్ళు నాగ్‌పూర్ దాటాయి.

అన్నాళ్ళూ ఎడమ చేత్తోనే వడ్డించింది. ఎవరూ కంచం లాక్కోలేదు.

అయిదో నెలలో ఢిల్లీ తాకింది. ఆ మధ్యాహ్నం పప్పు గరిటె కుడిచేత పట్టుకొని, అందరినీ దాటుకొని ముందు నా దగ్గరికే వచ్చింది. శ్రమ పడుతుందేమోనని కంచం రెండు చేతులా ఎత్తి పట్టాను.

"కింద పెట్టు" అంది అక్క. "నా చెయ్యి అందుతది."