పెత్రామాసకు ముందే దిగిన దయ్యం

ఇరవయ్యేళ్ల వయసులో మనిషికి మీసం కంటే పంతం ముందు మొలుస్తుంది. నాకు మీసం సరిగ్గా మొలవనే లేదు గాని, పంతం మాత్రం జానెడు పెరిగింది. ఆ రోజుల్లో నేను గద్వాలలో డిగ్రీ చదివేవాణ్ణి. పొద్దున మా రాజోలి దిక్కు నుంచి పోయే బస్సుకు వేలాడుతూ వెళ్లి, సాయంత్రం అదే బస్సుకు వేలాడుతూ తిరిగొచ్చేవాణ్ణి. మధ్యలో జరిగే చదువులో బుర్రకెక్కింది తక్కువ. ఎక్కిన ఒక్క పాఠం మాత్రం దిగనంటే దిగనని మొండికేసింది. అది ఎలిజబెత్ రాణి కాలం నాటి ఇంగ్లీషు పగ నాటకాల పాఠం. మా ఇంగ్లీషు సారు చీమకు కూడా దారి ఇచ్చి నడిచే మనిషి. అలాంటాయన ఆ పాఠం మొదలుపెట్టగానే కళ్లెర్రజేసి, చాక్‌పీసును బాకులా పట్టుకుని, "సచ్చిన తండ్రి దయ్యమై వస్తడు. కొడుకును పిలిచి పగ దీర్చుమంటడు. ఇగ ఆ కొడుక్కు తిండి లేదు, నిద్ర లేదు. పిచ్చోని లెక్క నటిస్తడు. పగోణ్ణి ముంగట కూసోబెట్టి, వాడు చేసిన పాపమే నాటకంగ ఆడించి, వాని మొఖం చూస్తడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నడా, దొరికినట్టే! ఆఖరికి స్టేజి నిండ శవాలే" అని చెబుతుంటే, తరగతి మొత్తం 'ఇంపార్టెంట్' అని గీతలు కొట్టుకుంది. నేను వెనక బెంచీలో పిడికిలి బిగించాను.

ఎందుకంటే నాకూ ఒక పగ ఉంది. మా నాయినవీ, ఆయన తమ్ముడు మా చిన్నాయినవీ పక్కపక్క చేలు. మధ్యలో ఒక గట్టు. తాత పోయాక అన్నదమ్ములు పంచుకున్నప్పుడు వేసుకున్న గట్టు అది. ఇద్దరూ విత్తనాల కంపెనీల కోసం సీడు పత్తి పెట్టేవాళ్లు, ఒకే ఆటోలో కూలీలను తెచ్చుకునేవాళ్లు. ఒక ఏడు వానలప్పుడు నాయిన చేను నుంచి వచ్చి, "మీ చిన్నాయిన గెట్టు తిన్నడు రా" అని ఒక్క మాట అని కాళ్లు కడుక్కున్నాడు. గట్టు దున్ని మా నేల తన చేనులో కలుపుకున్నాడని అర్థం. అంతే, ఆ రోజుతో మాటలు బంద్. పెళ్లిళ్లలో ఒకరు మొదటి బంతిలో తింటే ఇంకొకరు చివరి బంతి దాకా ఆకలితో కూర్చునేవాళ్లు. మా జేజి (వాళ్లిద్దరి తల్లి) రేకు పెట్టె పట్టుకుని నెలకొక ఇంటికి మారుతూ ఉండేది. నాకు అన్నిటికంటే మండింది ఎక్కడంటే, నేను చిన్నాయిన చేతుల మీద పెరిగినవాణ్ణి. తుంగభద్రలో నాకు ఈత నేర్పింది ఆయనే. అలాంటి మనిషి నా తండ్రిని మోసం చేస్తాడా? కొడుకు పుట్టుక పుట్టి ఊరుకుంటానా? ఎట్లాగైనా సరే, నాయిన పరువు నిలబెట్టి తీరాలనుకున్నాను. చంపడం గింపడం నా వల్ల కాదు గనక (ఇంట్లో కోడిని కోస్తుంటేనే నేను వీధిలోకి పోయేవాణ్ణి), ఊరందరి ముందూ చిన్నాయిన తల దించుకునేట్టు చేయాలని ఒట్టు పెట్టుకున్నాను.

సారు చెప్పిన వరుసలోనే పోదామని మొదట పిచ్చి మొదలుపెట్టాను. ఒక మధ్యాహ్నం జుట్టు చెదరగొట్టుకుని, చొక్కా తిరగేసి వేసుకుని, బర్రె ముందు నిలబడి ఇంగ్లీషులో మాట్లాడాను. బర్రె ఓపికగా విన్నది. అమ్మ మాత్రం వినలేదు. వచ్చి నొసలు పట్టి చూసి, ఎండదెబ్బ అని చెంబెడు మజ్జిగ తాగించింది. జేజి ఎండుమిరపకాయలు నా చుట్టూ తిప్పి పొయ్యిలో వేస్తే ఇల్లంతా దగ్గింది. నాయిన నన్ను ఎగాదిగా చూసి, "పరీక్షలు దగ్గర పడ్డట్టున్నయి" అని చేనుకు వెళ్లిపోయాడు. దానితో పిచ్చి రద్దయింది. కానీ పట్టు విడవలేదు. మిగిలింది నాటకం.

వినాయకచవితి వచ్చింది. మండపం దగ్గర ఏదో ఒక ప్రోగ్రాం పెట్టాలని కమిటీ వాళ్లు తిరుగుతున్నారు. నేను 'రక్తపు గట్టు' అని ఒక నాటకం రాసి వాళ్ల చేతిలో పెట్టాను. గట్టు కోసం అన్నను చంపిన తమ్ముడు, దయ్యమై వచ్చే అన్న, పగ తీర్చే కొడుకు, కథ అంతే. రాసింది నేను, ఆడించేది నేను, కొడుకు వేషం నాది. విలన్ దొరకడమే గగనమైంది. ఊళ్లో పిల్లలందరికీ చంపాలనే ఉంది, చచ్చే ధైర్యం ఎవరికీ లేదు. "మా అమ్మ ముంగటనే కూసుంటది, నేను సస్తే ఊకుంటదా?" అని ఒక్కొక్కరే జారుకున్నారు. చివరికి చందాలు వసూలు చేసే ఒక అన్న, తాను చచ్చేటప్పుడు మంచి పాట వేయాలనే షరతు మీద ఒప్పుకున్నాడు. దయ్యం మాత్రం గద్వాల నుంచి వచ్చింది. నాతో చదివే దర్జీ వాళ్ల అబ్బాయి, తాడిచెట్టంత పొడుగు, మేమంతా లంబూ అనేవాళ్లం. వాడికి జేజి పెట్టెలోంచి అడక్కుండా తెచ్చిన తాత గొంగడి కప్పి, తాత ఎర్ర రుమాలు చుట్టి, మొఖానికి జొన్నపిండి పూశాను. నేను బొగ్గుతో మీసం గీసుకున్నాను. (తాత కూడా అంత పొడుగే. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు.) "అరే, నాకే నన్ను చూస్తే డర్ అయితుంది యార్" అన్నాడు వాడు అద్దంలో చూసుకుని.

పగవాణ్ణి పిలవడానికి నేనే వెళ్లాను. అన్నేళ్ల తర్వాత ఆ గడప తొక్కడం. చిన్నాయిన మందు కొట్టే పంపు కడుగుతున్నాడు. "చిన్నాయినా, నాటకమాడుతున్న. నువ్వు రావాలె, ముంగటనే కూసోవాలె" అన్నాను, గొంతు వీలైనంత గంభీరంగా పెట్టి. ఆయన చేతిలో పంపు అట్లనే ఆగిపోయింది. "నువ్వొచ్చి పిలిస్తే రానా బిడ్డా? చిన్నమ్మను గూడ తోల్కొస్త" అన్నాడు. మొఖం చేటంత అయింది. ఆ సంతోషం చూసైనా నాకు బుద్ధి రావాల్సింది. రాలేదు. ఎలుక బోను దిక్కే నడిచొస్తోందని మురిసిపోయాను.

నాటకం నాడు ముందు వరసలో ఈ చివర నాయిన, ఆ చివర చిన్నాయిన, నడుమ జేజి. చిన్నాయిన ఒళ్లో ఉడకబెట్టిన పల్లికాయల పొట్లం. సాంబ్రాణి పొగలోంచి, ఆకుపచ్చ లైటులో లంబూ లేచి నిలబడి, "కుమారా! పగ! పగ దీర్చు!" అని అరవగానే ముందు కూర్చున్న పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. నేను కర్ర కత్తి పట్టుకుని మోకాళ్ల మీద కూర్చుని, ఒక కన్ను దయ్యం మీద, ఒక కన్ను చిన్నాయిన మీద పెట్టాను. ఆయన హాయిగా పల్లీలు ఒలుచుకుంటూ, ఏడుస్తున్న పిల్లలకు తలా రెండు పెడుతున్నాడు. ఉండు, అసలు డైలాగు రానీ అనుకున్నాను పళ్లు బిగబట్టి. అప్పుడు లేచింది మా జేజి. కళ్లకు శుక్లాలు, చేతిలో కర్ర. ఎవరో ఆపేలోగానే స్టేజి దగ్గరికొచ్చి, గొంగడిని పైనుంచి కింద దాకా చూసి, నడుం మీద చెయ్యి పెట్టింది.

"ఏందయ్యా, పెత్రామాసకు ఇంక దినాలున్నయి గద. అప్పుడే వచ్చినవేంది?"

(పెత్రామాస అంటే చనిపోయిన పెద్దలు ఇంటికొచ్చి అన్నం తిని పోతారని మేము నమ్మే అమావాస్య. వినాయకుడు వెళ్లాక వస్తుంది.) జనం ఒక్కసారి గొల్లుమన్నారు. లంబూ నా దిక్కు వంగి, "ఇది మనం రాసినమా యార్?" అన్నాడు. మైకు ఆ మాటను ఊరంతా వినిపించింది. "కానియ్యి" అన్నాను. వాడు మళ్లీ "పగ!" అన్నాడు, ఈసారి జర మెల్లగా. జేజి తగ్గలేదు. "పగ ఏందయ్యా, ఆకలైతుందేమో. శెనగ గుడాలు పెట్టాల్నా? కల్లు దెప్పియ్యాల్నా? పోయినేడు యాట కొయ్యలేదని వచ్చినవా? ఏం గావాల్నో నోరు దెర్సి చెప్పు, పిల్లల్ని పరేషాన్ చెయ్యకు." పాపం లంబూ, "కల్లొద్దు జేజీ, నేను తాగ" అనేశాడు. జనం నవ్వలేక కుర్చీల్లోంచి జారుతున్నారు. నాకు కళ్లు మండుతున్నాయి. ఇంత కష్టపడి పెట్టిన బోను పెత్రామాస భోజనాల పాలవుతుంటే ఎట్లా ఓర్చుకుంటాను? "తర్వాతి డైలాగు చెప్పురా!" అని బుసకొట్టాను. వాడు కళ్లు మూసుకుని, బట్టీ పట్టింది ఒక్క గుక్కలో అరిచేశాడు. "నా గెట్టు దున్నినోడు ఈడనే ఉన్నడు! ముంగట వరసలనే కూసున్నడు!"

నవ్వు ఆగిపోయింది. గట్టు సంగతి ఊళ్లో తెలియనివాళ్లు ఎవరు? జేజి మెల్లగా వెనక్కి తిరిగి కొడుకులిద్దరినీ చూసింది. "ఇన్నరా? మీ నాయిన అడుగుతుండు. ఎవడ్రా గెట్టు దున్నింది? చెప్పుండ్రి." నేను వేషం మరిచిపోయి చిన్నాయిన మొఖంలోకి వంగాను. పల్లికాయ ఒలిచే చెయ్యి ఆగింది. కానీ ఆయన జేజిని చూడటం లేదు, దయ్యాన్నీ చూడటం లేదు. వరసలో అవతలి చివరి దిక్కు చూస్తున్నాడు. నేనూ అటు తిరిగాను. మా నాయిన తల ఛాతీ మీదికి వాలిపోయి ఉంది. చెయ్యి భుజం మీది తువ్వాలను ఊరికే తడుముకుంటోంది.

దొరికిన దొంగ సొంత తండ్రి అయితే ఏం చేయాలో మా సారు చెప్పలేదు. చిన్నాయిన లేచాడు. ఒక్క మాట అంటే చాలు, అన్నేళ్ల నింద ఊరందరి ముందూ తుడుచుకుపోతుంది. పక్కనే మైకు కూడా ఉంది. ఆయన ఒళ్లో పొట్టు దులుపుకుని వచ్చి, తల్లి చెయ్యి పట్టుకున్నాడు. "ఎవలు దున్నలేదమ్మా. ఆ యేడు వాన గట్టిగ గొట్టింది, గెట్టు కూలింది. నువ్వు రా, కాలు జారుతది." అంతే అన్నాడు. జేజిని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. పక్కనుంచి విలన్ అన్న, "అరే, నేనెప్పుడు సావాలె?" అని అడుగుతూనే ఉన్నాడు. నాయిన లేచి ఎవరి మొఖమూ చూడకుండా వెళ్లిపోయాడు. నేను కత్తి పట్టుకునే స్టేజి మీద కూలబడ్డాను. కమిటీ వాళ్లు భక్తి పాటలు పెట్టేశారు.

ఇంటికెళ్లేసరికి నాయిన వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. భయమేసింది, కానీ అడగకుండా ఉండలేకపోయాను. "నువ్వేనా నాయినా?" నాయిన తువ్వాలతో మొఖం తుడుచుకున్నాడు. "ట్రాక్టరోడు ఒక సాలు ఎక్కువ దున్నిండు. చూసి ఊకున్న. మళ్లేడు ఇంగో సాలు. వాడొచ్చి అడిగిండు. తప్పైంది తమ్మీ అంటే అయిపోతుండె. అన్నను గద, నోరు రాలే. ఉల్టా వాణ్ణే అన్న." అని, నా చేతిలోని కర్ర కత్తిని చూసి, "అది ఆడ పారేసి, పొద్దుగాల పార తీస్కొని రా" అన్నాడు.

తెల్లారి ఇద్దరం చేనుకు పోయాం. నాయిన గట్టు తవ్వి వెనక్కి జరపడం మొదలుపెట్టాడు. ఎవరు చెప్పారో చిన్నాయిన పరుగున వచ్చాడు. నాయిన అప్పటికే పాత జాగా దాటి తన చేనులోకే ఇంకా పోతున్నాడు. "అన్నా, అంతగనం గాదు! ఇటెయ్యి!" "నువ్వూకో, నేనేస్తున్న గద." "నీ పత్తి సాలు పోతది, నా మాటిను!" "పోనీ! నా పత్తి, నా ఇష్టం!" అన్నేళ్లుగా దాచుకున్న మాటలన్నీ వాళ్లు ఆ పొద్దున అరిచే మాట్లాడుకున్నారు. చుట్టుపక్కల చేలవాళ్లు కొట్టుకుంటున్నారనుకుని కట్టెలు పట్టుకుని ఉరికొచ్చారు. పగ తీర్చడానికి పుట్టిన నేను, గెలిచినవాడు ఎటు చెబితే అటు మట్టి గంపలు మోశాను. చివరికి ఇద్దరి పంతమూ నెగ్గక గట్టు వంకరగా తేలింది. ఇప్పటికీ అట్లనే ఉంది.

చెమటలు తుడుచుకుంటూ ముగ్గురం దాని మీదే కూర్చున్నాం. చిన్నాయిన ఉన్నట్టుండి, "అవునురా, ఆఖరికి ఏమైతది నీ నాటకంల?" అన్నాడు.

"అందరు సస్తరు చిన్నాయినా."

"పగోడు సస్తడు, సరే."

"పగ దీర్చుకున్నోడు గూడ సస్తడు."

"వాళ్లమ్మ?"

"ఆమె గూడ."

ఆయన నా మొఖంలోకి నిజంగానే కలవరంగా చూశాడు. "మరి చేన్ల ఎవుసం ఎవడు జేస్తడు రా?"

నేను ఇప్పుడు వనపర్తిలో ఇంగ్లీషు చెబుతున్నాను. ఆ పాఠమే చెబుతాను, మా సారులాగే కళ్లెర్రజేసి చెబుతాను. పిల్లలు కూడా మాలాగే గీతలు కొట్టుకుంటారు. చివరి అంకం వచ్చి స్టేజి నిండా శవాలు పడిపోయాక మాత్రం నవ్వు ఆపుకోవడానికి బోర్డు దిక్కు తిరుగుతాను. బొగ్గుతో మీసం గీసుకుని, సొంత చిన్నాయిన మొఖంలో పాపం వెతుక్కుంటున్న ఆ పిల్లవాడు గుర్తొస్తాడు. వాణ్ణి తిట్టాలనిపించదు, దగ్గరికి తీసుకోవాలనిపిస్తుంది. అంత పట్టుదలగా, అంత తప్పుగా నేను మళ్లీ ఏ పనీ చేయలేదు.