వీపు మీద ఊరి పేరు

ఆదివారం కదిరి జట్టుతో బాస్కెట్‌బాల్ మ్యాచ్. మాకు మిగిలింది నలుగురే. ఐదుగురు లేకపోతే ఆట మొదలే పెట్టరు, కదిరివాళ్లు చెమట పట్టకుండా గెలిచేస్తారు. అందుకని మూణ్ణెల్ల కిందట ధర్మవరం వెళ్లిపోయిన మా శ్రీధర్‌ని పట్టుకొద్దామని శుక్రవారం ఉదయం ఆరున్నరకి హిందూపురంలో పెనుకొండ బస్సెక్కాను. 2004 చలికాలం. సంచిలో అతని జెర్సీ, ఒక స్కూలు అట్లాసు, అర్జెంటీనా గురించిన పేపరు కటింగు ఉన్నాయి.

అర్జెంటీనా గోల మస్తానన్నది. మస్తానన్న టైలరు, మా జట్టుకి పెద్దదిక్కు. మాలో ముగ్గురు బాషాలున్నారని, జెర్సీల మీద మనిషి పేరు మానేసి సొంతూరి పేరు గుడ్డ అక్షరాలతో కుడతాడు. శ్రీధర్‌ది రొద్దం. ఆ ఏడాది ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన అర్జెంటీనావాళ్లని మస్తానన్న టీవీలో చూసి, వాళ్ల వీపు మీదివి కూడా ఊళ్లే అనుకున్నాడు. రెండు రోజులు అట్లాసంతా వెతికాడు. ఒక్కటీ కనబడలేదు. "అట్లాసుకే ఎక్కనంత చిన్న పల్లెలప్పా! మనమాదిరే!" అని మురిసిపోయాడు. అవి ఇంటిపేర్లని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

కటింగులో మాత్రం నిజంగానే ఊరి సంగతి ఉంది. ఆ జట్టులో ముగ్గురు బాహియా బ్లాంకా అనే ఒకే రేవు పట్నం వాళ్లు. అక్కడ పేటకో క్లబ్బట, చిన్నప్పుడు వాటిలోనే బంతి పట్టారట. అది చూపించి, సొంత జట్టంటే ఏమిటో చెప్పి శ్రీధర్‌ని లాక్కురమ్మని మస్తానన్న ఆజ్ఞ.

నా సంగతి కూడా చెప్పాలి. నాది జెరాక్సు అంగడి, జట్టులో స్కోరు రాసే పని. పదేళ్లుగా ఉన్నా నాకు జెర్సీ లేదు. మాది ఓబులదేవరచెరువు. అన్ని అక్షరాలు నీ వీపుకి పట్టవు పొమ్మన్నాడు మస్తానన్న. నవ్వేశాను గానీ, లోపల కాస్త గుచ్చుకుంది.

బస్సులో చింతపండు బుట్టతో పక్కన కూర్చున్న పెద్దాయన నా అట్లాసు చూసి, "ఏమప్పా, పాఠాలు చెప్పేదానికి పోతాండావా?" అన్నాడు.

"లేదు పెద్దాయనా, ఆటగాణ్ణి వెతికేదానికి."

"దాంట్లో దొరుకుతాడా?"

ఏడూ నలభైకి పెనుకొండ. కోటగుట్ట మీద ఇంకా మంచు పోలేదు. ఉగ్గాని, బజ్జీ, టీ పది రూపాయల్లో అయిపోయాయి. శ్రీధర్ అడ్రసు కోసం స్టేషను రోడ్డులో వాళ్ల అవ్వ నడిపే అంగడికి వెళ్లాను.

"పట్టుచీరల అంగట్లో చేరినాడు నాయనా," అంది అవ్వ. "ఆ షావుకారుకి ఆటంటే పిచ్చి. ఈ ఊరి జట్టులో ఆడితేనే పని, ఇంకో ఊరికి ఆడినావంటే ఇంటికి పో అన్నాడంట."

"ఒక్క మ్యాచే అవ్వా."

"నువ్వు పిలిస్తే వాడు వస్తాడు. అదే నా బయం." అడ్రసు చెప్పి, మనవడికిమ్మని బొరుగుల ఉండలు కట్టిచ్చింది.

తొమ్మిదిన్నర ప్యాసింజరు పదీ పదికి వచ్చింది. ధర్మవరం దాకా నిలబడే వెళ్లాను. కాళ్ల నొప్పి కంటే ఆ పొట్లం బరువే ఎక్కువనిపించింది.

పన్నెండున్నరకి వీధంతా మగ్గాల చప్పుడు. పై అరలోంచి చీరలు తీయడానికి స్టూలు అక్కర్లేని మనిషి మా శ్రీధర్ ఒక్కడే, అంగట్లో ఇట్టే కనబడ్డాడు. మెస్సులో సంగటి తింటూ జెర్సీ ఇచ్చాను. ఎడమ చేత్తో రొద్దం అన్న అక్షరాలు తడిమాడు.

"రేపు సాయంత్రానికి వచ్చేస్తానన్నా. షావుకారు ఏమన్నా అనుకోనీ."

నేను కోరుకున్న మాట అదే. అది వినగానే సంచిలోంచి అవ్వ కట్టిచ్చిన పొట్లం తీసి అతని ముందు పెట్టాను.

"వద్దులేప్పా. ఐదోవాడు దొరికినాడు."

"ఎవరన్నా?"

"మన మనిషేలే. ఆ అర్జెంటీనావాళ్లు కూడా ఇటలీ, స్పెయిన్ పోయి జీతానికి ఆడినారంట. వాళ్ల ఊరు యాడికీ పోలేదు. ఈ చొక్కా నీదే, పెట్టుకో."

శ్రీధర్ నా కోసం మూడున్నర బండి దాకా స్టేషనులో నిలబడ్డాడు. కిటికీ పక్కన సీటు దొరికింది గానీ, ఆదివారం నేను బంతి ఎట్లా పట్టాలా అని దారి పొడుగునా ఆలోచిస్తూనే ఉన్నాను. ఈ దారిలో పోయేవాళ్లకి నా సలహా: ప్యాసింజరు టైము నమ్మొద్దు, ఉగ్గాని పెనుకొండలోనే తినండి, ఆటగాణ్ణి తీసుకురావాలంటే ముందుగా వాళ్ల అవ్వని కలవొద్దు.

ఆరున్నరకి హిందూపురంలో దిగి నేరుగా మస్తానన్న అంగడికి వెళ్లాను.

"వాడు యాడప్పా?"

ఉన్నదున్నట్టు చెప్పాను. మిషను ఆగింది. తిడతాడనుకున్నాను. మెడలోని టేపు తీసి, "తిరుగు" అన్నాడు. ఈ భుజం నుంచి ఆ భుజం దాకా కొలిచాడు. మళ్లీ కొలిచాడు.

"పదేండ్లు కూర్చోని రాసి బాగా ఒళ్లు చేసినావు," అన్నాడు. "ఓబులదేవరచెరువు. ఇప్పుడు పడ్తాది."